సుప్రాకయాస్మాటిక్ కేంద్రకం

సుప్రాకయాస్మాటిక్ కేంద్రకం అనగా క్షీరదాల మెదడులో, హైపోథలామస్‌ నందు, రెండు కళ్ళ దృక్ నాడులు కలిసే చోటుకు సరిగ్గా పైన ఉండే జంట నాడీకణ సమూహం. నిద్ర, మెలకువ, శరీర ఉష్ణోగ్రత, హార్మోనుల స్రావం మొదలగువాటి దైనిక లయను నడిపే ప్రధాన జీవ గడియారం ఇదే. చిట్టెలుకలో రెండు వైపులా కలిపి ఇందులో సుమారు 20,000 నాడీకణాలు ఉంటాయి.

1972లో ఎలుకలలో ఈ భాగాన్ని నాశనం చేయగా వాటి దైనిక లయలు పోయాయి. 1990లో మార్టిన్ రాల్ఫ్, మైకేల్ మెనేకర్ తదితరులు, సుమారు 20 గంటల లయ గల హామ్‌స్టర్ల నుండి ఈ కణజాలాన్ని తీసి, కేంద్రకం తొలగించిన ఇతర హామ్‌స్టర్లలో నాటారు. అప్పుడు గ్రహీతకు దాత లయే వచ్చింది.

కణానికొక గడియారం

ప్రతి కణంలోను క్లాక్, బీమాల్1 అనే ప్రోటీనులు పీరియడ్, క్రిప్టోక్రోమ్ జన్యువులను పనిచేయిస్తాయి. ఆ జన్యువుల నుండి తయారైన ప్రోటీనులు తిరిగి క్లాక్, బీమాల్1 పనినే అడ్డుకుంటాయి. ఈ చక్రం ఒకసారి తిరగడానికి సుమారు 24 గంటలు పడుతుంది. అయితే అన్ని కణాలకూ ఈ వ్యవధి ఒకటి కాదు. 1995లో డేవిడ్ వెల్ష్ తదితరులు ఎలుక కణాలను విడదీసి పాత్రలో పెంచినపుడు, పక్కపక్కనే ఉన్న కణాలు కూడా వేటి వేళను అవి పాటించాయి. కనుక అసలు చిక్కు గడియారం ఎలా తిరుగుతుందన్నది కాదు, ఇన్ని గడియారాలు ఒకే వేళను ఎలా చూపుతాయన్నది.

కణాల మధ్య సమాచారం

ఇందులో ముఖ్యమైనది వాసోయాక్టివ్ ఇంటెస్టైనల్ పెప్టైడ్ అనే రసాయనం. 1970లో దీనిని మొదట పంది పేగు నుండి వేరుచేయడం వలన మెదడు రసాయనానికి పేగు పేరు నిలిచిపోయింది. కంటి నుండి వెలుతురు సమాచారం చేరే దిగువ భాగపు కణాలు దీనిని విడుదల చేస్తాయి. ఇది ఇతర కణాలపై గల వీపాక్2 గ్రాహకానికి అతుక్కొని, లోపల సైక్లిక్ ఏఎంపీని పెంచి, పీరియడ్ జన్యువును ప్రేరేపించి ఆ కణపు గడియారాన్ని సవరిస్తుంది. 2005లో సారా ఏటన్, ఎరిక్ హెర్జోగ్ తదితరులు ఈ పెప్టైడ్ గాని, గ్రాహకం గాని లేని చిట్టెలుకలను పరీక్షించారు. వాటిలో చాలా కణాలు లయనే కోల్పోయాయి, లయ మిగిలినవాటికి పొంతన లేదు. పెప్టైడ్ లేని కణాలకు ఆ గ్రాహకాన్ని ప్రేరేపించే మందును రోజుకొకసారి ఇవ్వగా లయ తిరిగి వచ్చింది.

దాదాపు అన్ని కణాలూ గాబాను కూడా విడుదల చేస్తాయి. దాని పాత్రపై శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయం లేదు.

విమాన ప్రయాణ బడలిక

ఈ పొందిక బలానికి ఒక మూల్యం ఉన్నది. దూరదేశం చేరినవారికి కొన్నాళ్ళు పగలు నిద్ర ముంచుకురావడానికి ఇదొక కారణం. 2013లో క్యోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు వాసోప్రెసిన్ గ్రాహకాలైన వీ1ఏ, వీ1బీ లేని చిట్టెలుకలకు వెలుతురు వేళలను 8 గంటలు ముందుకు జరిపారు. మామూలు చిట్టెలుకలు సర్దుకోవడానికి వారం దాటగా, ఇవి రెండు నుండి నాలుగు రోజులలోనే సర్దుకున్నాయి. కణాల మధ్య కట్టు సడలినందున ఇవి కొత్త వేళకు త్వరగా లొంగాయని ఆ పరిశోధకుల వివరణ.