బలం మరచిన హనుమ, రెండు భాషల పిల్లలు



మీ ఇంట్లో పదీ పన్నెండేళ్ళ పిల్లలుంటే, సెల్‌ఫోను చేతికి చిక్కగానే వాళ్ళు ఏం చూస్తారో మీకు తెలియనిది కాదు. బొమ్మల సీరియళ్ళు. ఎగరడం, దూకడం, కొండలు పిండి చెయ్యడం. "ఎంతసేపూ ఆ బొమ్మలేనా, పుస్తకం తియ్యరా" అని మనం కేకలేస్తాం. నేనూ వేసినవాడినే. కానీ ఈ రోజు అటువంటి బొమ్మల సీరియల్ ఒకదాని తరఫున నాలుగు మాటలు చెప్పడానికి మీ ముందుకు వచ్చాను. ఉపాధ్యాయుడిగా కొంత, దాని అభిమానిగా మరికొంత.

దాని పేరు 'ది లెజెండ్ ఆఫ్ హనుమాన్'. 2021 జనవరి 29న, అప్పటి డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో మొదలైంది. ఆ వేదికే 2025 ఫిబ్రవరి నుంచి జియోహాట్‌స్టార్ అయింది. మొదలైన ఏడాదే ఆగస్టులో రెండో భాగం, 2024లో మూడు, నాలుగు, ఐదు భాగాలు, 2025 ఏప్రిల్‌లో ఆరో భాగం వచ్చాయి. తయారుచేసింది గ్రాఫిక్ ఇండియా సంస్థ. శరద్ దేవరాజన్, జీవన్ జె. కాంగ్, చారువి అగర్వాల్ దీని రూపకర్తలు. 2024 మే నెలలో బాహుబలి లోకం ఆధారంగా వచ్చిన యానిమేషన్ సీరియల్ కూడా ఈ సంస్థదే. హిందీలో కథ చెప్పే గంభీరమైన గొంతు శరద్ కేల్కర్‌ది. హిందీ బాహుబలిలో మన ప్రభాస్‌కు గొంతు ఇచ్చింది ఆయనే.

ఇంతవరకూ వివరాలు. ఇక నాకు నచ్చిందేమిటో చెబుతాను.

సూపర్ హీరో అనగానే పిల్లలకు గుర్తొచ్చేది అమెరికా బొమ్మల పుస్తకాల వీరుడు. 1938లో పుట్టిన సూపర్‌మ్యాన్ ఆ వరుసకు పెద్దన్న. అతనికి తన బలం తెలుసు. లోకానికి తెలియకుండా కళ్ళజోడు పెట్టుకుని దాచుకుంటాడు. మన హనుమ సంగతి వేరు. చిన్నప్పుడు మునుల ఆశ్రమాల్లో చేసిన అల్లరికి వాళ్ళకు విసుగొచ్చి శపించారు. నీ బలం నీకు గుర్తుండదు, ఎవరైనా గుర్తు చేస్తేనే తెలుస్తుంది అన్నారు. అందుకని లోకమంతటికీ కనిపించే బలం ఆయనకొక్కడికే కనిపించదు. సముద్రం ఒడ్డున వానరులందరూ తమ తమ దూకుడు ఎంతో లెక్కలు చెప్పుకుంటుంటే, ఆయన ఒక మూల మౌనంగా కూర్చుంటాడు. ముసలి జాంబవంతుడు దగ్గరకు వచ్చి, నువ్వెవరివో చెబుతాను విను అంటాడు.

ఈ సీరియల్ తీసినవాళ్ళు ఈ మరపునే గట్టిగా పట్టుకున్నారు. మొదటి రోజు నుంచీ దేవుడిలా వెలిగిపోయే హనుమను కాకుండా, తనను తాను తక్కువగా అనుకునే ఒక వానరుణ్ణి చూపించారు. పన్నెండేళ్ళ పిల్లడికి ఇలాంటి వీరుడు దగ్గరి చుట్టంలా అనిపిస్తాడు.

బొమ్మల్లో రామాయణం మనకు కొత్త కాదు. ఆంధ్ర దేశంలో తోలుబొమ్మలాట ఉంది. రంగురంగుల పెద్ద బొమ్మలు, భుజం దగ్గర, మోచేతి దగ్గర కీళ్ళు, చెయ్యి ఎత్తితే గద లేస్తుంది. ఒడిశాలో 'రావణ ఛాయ' ఉంది. ఆ తోలుబొమ్మలకు రంగుండదు, కీళ్ళుండవు. ఒకే ముక్క. తెర మీద నల్లటి నీడ మాత్రం కదులుతుంది. ఆడించేవాడి చెయ్యి, పాడేవాడి గొంతు కలిసి ఆ నీడకు ప్రాణం పోస్తాయి. సినిమా యానిమేషన్‌లో సెకనుకు 24 బొమ్మలు కళ్ళ ముందు నుంచి జారిపోతే కదలిక అనిపిస్తుంది. ఆ బొమ్మలను ఇప్పుడు కంప్యూటర్ చేస్తోంది. పద్ధతి మారింది గానీ, బొమ్మ కదలాలి, గొంతు పలకాలి అన్న సూత్రం మాత్రం అదే.

ఆ గొంతు దగ్గరే మన జిల్లాల కథ మొదలవుతుంది.

ఒక భాషకు తగినట్టు బొమ్మ పెదవులు కదిలాక, ఇంకో భాష మాటలు వాటి మీద అతకాలి. ప, బ, మ పలికితే పెదవులు మూసుకుంటాయి. బొమ్మ పెదవులు మూసినచోట మనం 'క' అంటే చూసేవాడికి ఎక్కడో కలుక్కుమంటుంది. హిందీ 'రామ్' మూసిన పెదవులతో ఆగిపోతుంది. తెలుగు 'రాముడు' ఆ తర్వాత ఇంకో అక్షరం నడిచి, నోరు తెరిచి ఆగుతుంది. ఒడియాలోనూ అంతే, చివరి అచ్చును మింగరు, 'రామొ' అంటారు. ఈ విషయంలో ఒడియాకు హిందీ కంటే తెలుగే దగ్గర.

ఈ సీరియల్ విడుదలైనప్పుడు ఏడు భాషల్లో వచ్చింది. హిందీ, తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం, మరాఠీ, బెంగాలీ. ఆ ఏడింటిలో ఒడియా లేదు. పదహారో శతాబ్దంలోనే బలరామ దాసు జగమోహన రామాయణం రాసిన భాష అది. నాకు ఆ రోజు మనసుకు కష్టంగా అనిపించింది. కానీ ఆ లోటు వల్లే మా వీధిలో ఒక సంగతి జరిగింది.

మా దగ్గర ఆరో తరగతి పిల్లడు ఒకడుండేవాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఒడియాలో 'అ'కారాన్ని కాస్త 'ఒ' వైపు గుండ్రంగా తిప్పి పలకాలి. వాడు మన 'అ' లాగే పలికేవాడు. పాఠం చదవమంటే వెనక బెంచీలో కిసుక్కున నవ్వులు. ఇంటికి పోతే విజయనగరం నుంచి వచ్చిన మేనత్త, "వీడి తెలుగేటి, సగం ఒరియాలాగుంది" అనేది. ఇక నేను. ఒక వాక్యంలో రెండు భాషలు కలపొద్దని నలుగురిలో రెండు మూడుసార్లు గట్టిగా మందలించాను. మంచికే అనుకున్నాను. కొన్నాళ్ళకు వాడు తప్పులు చెయ్యడం మానేశాడు. ఎలాగంటే, మాట్లాడడమే మానేశాడు. ఆ తేడా నాకు చాలాకాలం తెలియలేదు.

ఒక ఆదివారం సాయంత్రం మా వీధి అరుగు మీద ఐదారుగురు పిల్లలు ఒక ఫోను చుట్టూ మూగి ఉన్నారు. హనుమాన్ నడుస్తోంది, తెలుగులో. మధ్యలో ఈ పిల్లడు. చుట్టూ ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ఒడియా పిల్లలు, ఒకడు ఇంట్లో కువి మాట్లాడే పిల్లడు. వీడు ఫోను ఆపుతున్నాడు, చెబుతున్నాడు, మళ్ళీ నడుపుతున్నాడు. 'గుర్తు తెచ్చుకో' అన్న మాటను 'మొనే పొకా' అన్నాడు. కువి పిల్లడి కోసం అదే మాటను దేశియాలో మళ్ళీ చెప్పాడు. కోతిని 'మాంకొడొ' అనబోయి ఆగి, హనుమంతుణ్ణి అలా అనకూడదని తానే 'హొనుమానొ' అని దిద్దుకున్నాడు. ఎక్కడా తడబడలేదు. ఎవరూ నవ్వలేదు. అందరూ వాడి నోరే చూస్తున్నారు.

నన్ను చూసి గబుక్కున ఫోను దాచబోయాడు. "పర్లేదు, చెప్పు" అన్నాను. "మాస్టారూ, జాంబవంతుడు ఏటన్నాడో ఈళ్ళకి తెల్దు కదా, అందుకని" అన్నాడు, తప్పు చేసినవాడిలా.

ఆ రాత్రి నాకు వాల్మీకి గుర్తొచ్చాడు. కిష్కింధా కాండలో హనుమ సన్యాసి వేషంలో వచ్చి రామలక్ష్మణులను పలకరిస్తాడు. ఆయన ఇంకా సముద్రం దాటలేదు, లంక కాల్చలేదు. అయినా రాముడు ముగ్ధుడైపోతాడు. ఇంతసేపు మాట్లాడినా ఒక్క తప్పు మాట దొర్లలేదు, వేదాలు, వ్యాకరణం బాగా చదువుకున్నవాడే ఇలా మాట్లాడగలడు అని తమ్ముడితో చెబుతాడు. రాముడు మొదట మెచ్చుకున్న హనుమ బలం మాట బలం.

సుందర కాండలో ఇంకా గొప్ప ఘట్టం ఉంది. అశోకవనంలో చెట్టు మీద కూర్చుని హనుమ ఆలోచిస్తాడు, సీతమ్మతో ఏ భాషలో మాట్లాడాలా అని. పండితుడిలా సంస్కృతం మాట్లాడితే రావణుడే వేషం మార్చుకుని వచ్చాడని ఆమె భయపడుతుంది. అందుకని మామూలు మనుషుల మాట మాట్లాడాలని నిశ్చయించుకుని, మెల్లగా రామకథ మొదలుపెడతాడు. ఉంగరం ఇవ్వడం ఆ తర్వాత సంగతి. ముందు నమ్మకం కుదరాలి. ఆ నమ్మకాన్ని కుదిర్చింది సరైన భాష. ఎదుటివారు ఎవరు, వారికి ఏ మాట ఊరటనిస్తుంది అని చూసి భాషను ఎంచుకున్నవాడు హనుమ. అరుగు మీద మా పిల్లడు చేసింది కూడా ఆ పనే కదా!

అభిమానినైనా ఇక్కడ నాకు సీరియల్ మీద ఒక ఫిర్యాదు ఉంది. యుద్ధాలకు ఇచ్చినంత సమయం మాటకు ఇవ్వలేదు. భాగాలు గడిచేకొద్దీ పోరాటాలు పెరిగాయి, చీకటి రంగులు పెరిగాయి. కండలు తిరిగిన ఆ శరీరాలు కొన్నిచోట్ల అమెరికా బొమ్మల పుస్తకాల నుంచి దిగివచ్చినట్టుంటాయి. మరీ చిన్నపిల్లలు రాత్రిపూట చూడదగ్గవి కావు. గద ఎత్తిన హనుమ ఎంత బాగున్నా, ఏ భాషలో పలకరించాలా అని కొమ్మ మీద కూర్చుని ఆలోచించే హనుమను ఇంకా ఎక్కువసేపు చూడాలని నా కోరిక.

శ్రోతలారా, 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా కొరాపుట్ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1992 అక్టోబరు 2న రాయగడ వేరే జిల్లా అయింది. కాగితం మీద సరిహద్దు గీతలు ఎన్నిసార్లు మారినా, జయపురం సంతలో, గుణుపురం బస్టాండులో మనవాళ్ళు రెండు మూడు భాషల్లో బేరమాడుతూనే ఉన్నారు. అంతటి నేర్పును మన పిల్లల్లో మాత్రం లోపంగా చూస్తున్నాం. అటూ రాదు, ఇటూ రాదు అని ఇంట్లో వాళ్ళ ముందే అనేస్తున్నాం. మునుల శాపానికీ ఈ మాటకూ పెద్ద తేడా లేదు.

చిన్న పని ఒకటి చేసి చూడండి. పిల్లలు హనుమాన్ చూశాక ఫోను ఊరికే లాక్కోకండి. ఆ కథ నాయనమ్మకు తెలుగులో చెప్పమనండి. మర్నాడు పక్కింటి ఒడియా స్నేహితుడికి ఒడియాలో చెప్పమనండి. మధ్యలో మాటలు కలిస్తే కలవనివ్వండి. కథ అయిపోయాక, 'ఈ మాటను అక్కడ ఏమంటారు?' అని అడగండి. దిద్దడానికి అడిగినట్టు కాకుండా, తెలియక అడిగినట్టు అడగండి.

మా పిల్లడు ఇప్పటికీ 'అ'ను తెలుగు 'అ'గానే పలుకుతాడు. అయినా చదవమంటే లేచి నిలబడి చదువుతున్నాడు. ఊరి నుంచి కొత్తగా వచ్చిన కువి పిల్లడికి నా లెక్కల పాఠం అర్థం కాకపోతే, నేను సాయం అడిగేది వాడినే. "మాస్టారు ఏమన్నారో చెప్పరా" అంటాను. వాడు చెబుతాడు.