తూటాలోని మందు - తుపాకి గురి

మా పెదతాతగారికి ఒక నాటుతుపాకి యుండెడిది. వేరుసెనగ చేలపై అడవిపందులు పడు కాలమున ఆయన రాత్రులందు మంచెమీద కూర్చుండి కావలి కాచెడివారు. ఆ తుపాకికి గొట్టపు మూతినుండియే మందు పోసి, పీచు కూరి, గుండు వేసి, ఇనుపకడ్డీతో దట్టింపవలెను. మందునకు కొలత ఒక చిన్న వెదురుగొట్టము. ఒకనాటి రాత్రి పెద్దపంది యొకటి దెబ్బ తగులక తప్పించుకొని పోయెను. ఆ పట్టుదలచే మరునాడు ఆయన ఒక కొలతకు మారు రెండు కొలతలు పోసిరి. తుపాకి మొదట పగిలి, ఎడమచేతి వ్రేళ్లు రెండు పోయినవి. నేను బాలుడనై యుండగా ఆ చేతిని నాకు చూపి ఆయన చెప్పెడి మాట యిది: "నాయనా, మొదటినాడు పంది తప్పినది మందు చాలక కాదు, నా గురి చాలక."

పెద్దలారా! బలము వేరు, గురి వేరు అను ఈ మాటను నేటి రైఫిలు తూటాల విషయమున మీకు వివరింపదలచితిని. అమెరికా మొదలగు దేశములలో గురిపందెము లాడువారును, వేటగాండ్రును కాల్చిన ఇత్తడి డొల్లలను పారవేయరు. వానిని శుభ్రపరచి, నిప్పు పుట్టించు చిన్న టోపీని క్రొత్తగా అమర్చి, మందు తూచి పోసి, గుండును బిగించి ఇంటియొద్దనే తూటాలను సిద్ధము చేసికొందురు. మన దేశమున 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము ననుసరించి లైసెన్సు లేక తూటాలను తయారుచేయరాదు. కావున నా ప్రసంగము ఆ పనిని నేర్పుటకు కాదు. ఆ పని చేయువారు బలమును ఎట్లు హద్దులో నుంచుకొందురో, హద్దు తప్పిన నేమగునో తెలుపుటకు మాత్రమే.

మొదట తుపాకిలో జరుగు పనిని చూతము. మందు మండి వాయువగును. ఆ వాయువు వ్యాపించుటకు చోటు లేక నలుదిక్కుల నొత్తును. ఆ ఒత్తిడియే గుండును ముందునకు త్రోయును. పూర్వకాలపు మందు సురేకారము, బొగ్గు, గంధకము కలిపి నూరినది. 1884వ సంవత్సరమున పాల్ వియే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పొగలేని మందును సిద్ధపరచెను. ఇది పాతమందు కంటె మిక్కిలి బలము గలది. దీని కొక గుణము కలదు. పొట్టుపొయ్యి గాలి విసరినకొలది రాజుకొనునట్లు, ఈ మందు ఒత్తిడి పెరిగినకొలది మరింత వేగముగ మండును. వేగముగ మండినకొలది ఒత్తిడి మరల పెరుగును. అందుచేత హద్దునకు చేరువలో చేర్చిన చిటికెడు మందు, మొదట చేర్చిన చిటికెడు వంటిది కాదు. అక్కడ వేగము నూటికి రెండు పాళ్లు హెచ్చినచో, ఒత్తిడి అంతకు రెట్టింపు పాళ్లు హెచ్చుట కలదు. లాభము స్వల్పము, వెల యధికము.

ఈ బలమును కొలుచుట యెట్లు? బెంజమిన్ రాబిన్స్ అను ఆంగ్లేయుడు 1742లో ప్రకటించిన గ్రంథమున ఒక యుపాయము చెప్పెను. బరువైన దిమ్మను ఊయెలవలె వ్రేలాడదీసి, దానిపై గుండును కాల్చి, అది యెంత దూరము ఊగెనో చూచి గుండు వేగమును లెక్కించుటయే ఆ యుపాయము. ఈయన తరువాత ఈస్టిండియా కంపెనీ కొలువున మన చెన్నపట్టణపు తీరమునకు వచ్చి, 1751లో కడలూరు చెంతనున్న సెయింట్ డేవిడ్ కోటలో మరణించెను. వేగము తెలిసినను గొట్టములోని ఒత్తిడి నేరుగా తెలియలేదు. పందొమ్మిదవ శతాబ్దమున ఆండ్రూ నోబుల్ చిన్న రాగిముక్కను తుపాకిలో నమర్చి, కాల్చిన పిదప అది యెంత అణగెనో కొలిచి ఒత్తిడిని కనుగొను పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. నేడు విద్యుత్తు సాయమున ఇంకను సూక్ష్మముగ కొలుచుచున్నారు. అమెరికా సైన్యము 1906లో స్వీకరించిన తూటా నొకదానిని ఉదాహరణముగ గైకొందము. దానికి నేడు నిర్ణయించిన హద్దు చదరపు అంగుళమునకు 60,000 పౌనులు. సైకిలు చక్రములోని గాలి అదే లెక్కకు 50 పౌనులకు అటునిటు. ఇంతటి బలము ముఖమునకు జానెడు దూరమున, కన్నుమూసి తెరచునంత కాలమైనను నిలువక పుట్టి అణగుచున్నది. దాని నాపునది ఒక ఇత్తడి డొల్లయు, దాని వెనుకనుండు ఉక్కుగడియయు మాత్రమే.

ఇంటియొద్ద తూటాలు కట్టువానియొద్ద ఒత్తిడిని కొలుచు యంత్ర ముండదు. అతడు కాల్చిన డొల్లను చూచి గుర్తులు పట్టును. టోపీ మరీ చదునైనదా? గడియ తెరచుట కష్టమైనదా? డొల్ల అడుగు ఉబ్బినదా? ఇవి మంచి గుర్తులే. కాని వీనిలో నొక దోషము కలదు. ఇవి తరచుగ హద్దు దాటిన పిమ్మటనే కనబడును. గండి పడిన తరువాత చెరువు నిండినదని తెలిసికొన్నట్లుండును. కావున తెలిసినవారు గుర్తుల కొరకు వేచియుండరు. ప్రయోగశాలలలో కొలిచి అచ్చువేసిన పట్టికలను చూచి, అందు చెప్పిన గరిష్ఠపు మందుకంటె నూటికి పదిపాళ్లు తక్కువతో మొదలుపెట్టుదురు. ఆ మందును గ్రెయినులలో తూచుదురు. గ్రెయిను అనగా కంసాలి త్రాసులోని గురివింద గింజలో ఇంచుమించు సగము. పట్టికలో చెప్పిన దానికంటె మరీ తగ్గించుటయు క్షేమము కాదు. గుండు గొట్టములోనే చిక్కుకొని, తరువాతి గుండు దానిపై పడినచో గొట్టము పగులును.

ఇక గురి మాట. తుపాకి ప్రేలినపుడు గొట్టము గంటవలె కంపించును. ప్రతి గుండును ఆ కంపములో ఒకే దశయందు మూతిని విడిచినచో గుండ్లన్నియు ఒకేచోట తగులును. దీనికి కావలసినది బలము కాదు, సమత్వము. మందు తూకము సమముగ నుండవలెను. గుండు ఒకే లోతున కూర్చుండవలెను. డొల్లలు ఒకే విధమైనవి కావలెను. అందుచేతనే మిక్కిలి గురి గల తూటా తరచుగ మిక్కిలి బలము గల తూటా కాదు. నేర్పరులు మందును కొంచెము కొంచెముగ పెంచుచు, ప్రతి మెట్టున కొన్ని గుండ్లు కాల్చి, ఏ మెట్టున అవి దగ్గరగ తగిలినవో అక్కడ ఆగుదురు. ఒక పర్యాయమున ఒక్కదానినే మార్చుదురు. మార్చినదానిని పుస్తకమున వ్రాసికొందురు.

ఒక్కదానిని మార్చినను చాలునని తలచిన నెట్టి ముప్పు వచ్చునో 1921వ సంవత్సరము చెప్పుచున్నది. ఆ కాలమున అమెరికా సైనికుల గుండ్లకు రాగి, నికెలు కలిసిన తొడుగు ఉండెడిది. ఆ లోహము గొట్టములో ముద్దలుగ అంటుకొని గురిని చెరచెడిది. దానిని వారించుటకు పందెగాండ్రు గుండ్లకు గ్రీజు పూయుట అలవాటు చేసికొనిరి. ఆ సంవత్సరము ఒహాయో రాష్ట్రములోని క్యాంప్ పెర్రీలో జరిగిన జాతీయ పందెముల కొరకు ప్రభుత్వపు కర్మాగారము తగరపు పూత గల గుండ్లను సిద్ధము చేసెను. వాని గురి మెచ్చదగినది. గ్రీజు పూయవలదని హెచ్చరికయు చేసిరి. కాని కొందరు పాత యలవాటు మానలేకపోయిరి.

జరిగిన దేమన, తగరము ఇత్తడి డొల్ల మెడకు మాటు వేసినట్లు అతుకుకొనెను. మెడ కొంచెము వ్యాకోచించినగాని గుండు వదలదు. గ్రీజు పూసినచోట మెడ చుట్టునుండు ఆ సందు జిడ్డుతో నిండిపోయి, వ్యాకోచించుటకు చోటు లేకపోయెను. ఒత్తిడి మితి మీరెను. కొన్ని తుపాకులు పాడయ్యెను. చూచితిరా? అక్కడ మందు నొక్క చిటికెడైనను ఎక్కువ పోసినవారు లేరు. కర్మాగారమువారు గురి కొరకు తగరము పూసిరి. పందెగాండ్రు గురి కొరకే గ్రీజు పూసిరి. రెండును కలిసి ముప్పు తెచ్చినవి. తరువాత రాగిలో కొంచెము తుత్తునాగము కలిపిన తొడుగు వచ్చి, తగరముతోను గ్రీజుతోను పని లేకుండ చేసెను.

మా పెదతాతగారి వెదురుగొట్టము ఇప్పటికిని మా ఇంటి దూలమునకు వ్రేలాడుచున్నది. దాని అంచున కత్తితో గీసిన గీటు ఒకటి కలదు. చేయి మానిన తరువాత ఆయన గీసినదట. ఆ గీటు దాటి మందు పోయరాదని దాని భావము. ఆయనకు చదరపు అంగుళపు లెక్కలు తెలియవు. అయినను, శాస్త్రజ్ఞులు యంత్రములతో కనుగొన్నదానిని ఆయన ఆ గీటులో చెప్పిరి. బలమునకు హద్దు ముందుగ గీసికొని, ఆ హద్దు లోపల గురిని వెదకువాడే చేయియు కన్నును దక్కించుకొనును.