జాతీయ రహదారి – పట్టణ విస్తరణ: భూపాలపల్లి

ఆత్మకూరు నుండి పరకాల, భూపాలపల్లి, కాళేశ్వరం మీదుగా మహారాష్ట్రకు సాగే 353సి జాతీయ రహదారి భూపాలపల్లికి ప్రధాన వీధి కూడా. సింగరేణి గనులు, చెల్పూరులోని 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం, 2016లో లభించిన జిల్లా కేంద్ర హోదా ఈ పట్టణ విస్తరణకు ముఖ్య కారణాలు.

రాజ్యాంగం ప్రకారం జాతీయ రహదారులు కేంద్ర జాబితాలోని అంశం. పట్టణ ప్రణాళిక, నీటి సరఫరా 12వ షెడ్యూలులోని పురపాలక విధులు. సమన్వయ సమస్యకు మూలం ఈ విభజనే. రహదారిని వెడల్పు చేస్తే దాని వెంట భూమి విలువ పెరిగి లేఅవుట్లు వెలుస్తాయి. వాటి స్థానిక రాకపోకలే పెరిగిన సామర్థ్యాన్ని హరిస్తాయి. ఆలస్యంగా వచ్చే పైపులైన్ల కోసం రోడ్డును మళ్ళీ తవ్వవలసి వస్తుంది. కాబట్టి లేఅవుట్ల అనుమతికి ముందే సమాంతర అంతర్గత రహదారులను, మురుగు కాలువల, పైపులైన్ల మార్గాలను ప్రణాళికలో నిర్దేశించాలి. అప్పుడే లారీలూ బడిపిల్లలూ ఒకే దారిని పంచుకోవలసిన స్థితి తప్పుతుంది.