వైరు రంగును నమ్మొద్దు!

శుభలేఖ మీద లతలూ పూలూ... జ్ఞాపిక మీద పేరూ బొమ్మా... గుమ్మానికి చెక్క నేమ్‌ప్లేటూ. ఇవన్నీ ఇప్పుడు చిన్న గదిలో, ఒక్క టేబుల్‌ మీదే తయారైపోతున్నాయి. చవకగా దొరికే చైనా లేజర్‌ కటర్ల పుణ్యమే అదంతా. కొన్నప్పుడు సంబరమే. ఏదో భాగం పాడై, కొత్తది తెప్పించి బిగించే రోజున మొదలవుతుంది అసలు కథ. పాత బోర్డుకు నాలుగు వైర్లుంటే కొత్తదానికి ఆరు పిన్నులు. ఏది ఎక్కడ పెట్టాలి?

ఈ తరహా యంత్రాల్లో బాగా పేరున్నది ‘కె40’. ఇందులోని గాజు గొట్టంలో కార్బన్‌ డయాక్సైడ్‌ వాయువు ఉంటుంది. ఈ రకం లేజర్‌ను 1964లో అమెరికాలోని బెల్‌ ల్యాబ్స్‌లో కనిపెట్టింది మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన సి.కుమార్‌ పటేల్‌. కిరణం కంటికి కనిపించదు. కానీ చెక్కనే కోసేస్తుంది!

ముందు ప్రాణం!

మన ఇంటి ప్లగ్గులో ఉండేది 230 వోల్టులు. లేజర్‌ గొట్టానికి వెళ్లే లావుపాటి వైరులోనో... 15 వేల వోల్టులకు పైమాటే. స్విచ్‌ ఆపినా కాసేపు ఛార్జి నిలిచి ఉండొచ్చు. అందుకే ప్లగ్గు పీకేసి, కొన్ని నిమిషాలు ఆగాకే మూత తీయాలి. ఆ వైరుకి మామూలు మల్టీమీటరు ఎప్పుడూ పెట్టకూడదు. అది తట్టుకోగలిగేది ఎక్కువలో ఎక్కువ వెయ్యి వోల్టులే. గొట్టం, పవర్‌ సప్లై మార్చే పని తెలిసిన మెకానిక్‌కే అప్పగించండి. యంత్రం ఇనుప ఒంటికి ఎర్తింగ్‌ తప్పనిసరి.

విప్పేముందే ఫొటో

పాత భాగాన్ని విప్పకముందే అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి. ప్రతి వైరుకీ టేపు ముక్క అంటించి, పిన్ను పేరు రాయండి. రంగు గుర్తుంది కదా అనుకుంటే చిక్కే. మన పాత ఇళ్లలో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్‌. ఈ యంత్రాల కరెంటు తీగలో సాధారణంగా గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్‌. లోపలి వైర్లకైతే ఒక్కో యంత్రంలో ఒక్కో రంగు!

కాబట్టి బోర్డు మీద పిన్ను పక్కన అచ్చయి ఉన్న అక్షరాలే ప్రమాణం. సాధారణంగా 24వీ, 5వీ, జీ, ఎల్‌ అని ఉంటాయి. జీ అంటే గ్రౌండ్‌. 24 వోల్టుల వైరు 5 వోల్టుల పిన్నుకి తగిలిందంటే కొత్త బోర్డు గోవిందా! ఎల్‌ వైరు జీకి తగిలితే లేజర్‌ వెలుగుతుంది. పొరపాటున ఆ రెండూ కలిసి ఉంటే స్విచ్‌ వేయగానే కిరణం రావచ్చు. మొదటిసారి స్విచ్‌ వేసేటప్పుడు మూత మూసే ఉండాలి.

రోగం ఎక్కడ?

* మోటారు తిరగకుండా వణుకుతోందా? జతలు కలిసిపోయి ఉంటాయి. కరెంటు తీసేసి, మోటారు కనెక్టర్‌ విప్పి మీటరు పెట్టండి. ఏ రెండు వైర్ల మధ్య కొద్ది ఓములు చూపిస్తే అవి ఒక జత.

* ఎదురు దిక్కుకి వెళ్తోందా? ఒక జతలోని రెండు వైర్లనూ అటూ ఇటూ మార్చండి. కరెంటు ఉండగా మాత్రం మోటారు వైరు పీకొద్దు. డ్రైవరు పోతుంది.

* నాబ్‌ తగ్గిస్తుంటే కిరణం జోరు పెరుగుతోందా? నాబ్‌ వెనక మూడు వైర్లుంటాయి. చివరి రెండూ తారుమారైనట్టు. మధ్యదాన్ని కదపక్కర్లేదు.

* అంతా కదులుతోంది, లేజరే రావట్లేదా? నీళ్లు పారుతుండగా, మూతలు మూసి, ప్యానెల్‌ మీది టెస్ట్‌ బటన్‌ నొక్కండి. కిరణం వస్తే గొట్టం, పవర్‌ సప్లై బాగున్నట్టే. లోపం ఎల్‌ వైరులోనో, కొత్త బోర్డులోనో ఉంటుంది. రాకపోతే కరెంటు తీసేసి మూత స్విచ్చునీ, నీటి స్విచ్చునీ మీటరుతో చూడండి. అవీ బాగుంటే ఇక మెకానిక్‌ పనే.

ఒకసారి ఒక్క మార్పే చేయండి. నాలుగూ ఒకేసారి మారిస్తే తప్పు ఎక్కడుందో దొరకదు.

ఆ రెండు వైర్లు...

పని త్వరగా కావాలని కొందరు ఈ స్విచ్చుల వైర్లను మెలితిప్పి కలిపేస్తారు. లేజర్‌ వెలుగుతుంది నిజమే. కానీ నీళ్లు ఆగిన సంగతి తెలియక గొట్టం పగులుతుంది. మూత తెరిచి ఉన్నా కిరణం ఆగదు. దాని దెబ్బకి కంటి నల్లగుడ్డు పైపొర కాలిపోతుంది. స్విచ్చు పాడైతే కొత్తది కొనుక్కోవచ్చు. కంటికి స్పేర్‌ పార్టు దొరకదు!