అంకెలలో ఎగిరే వ్యోమనౌక

రాకెట్లలో అధికభాగం ఒకసారి ఎగిరితే మరల చేతికి రావు. ఉపగ్రహాన్ని కక్ష్యలో విడిచి తాము సముద్రంలో పడిపోవును, లేదా గాలిలో కాలిపోవును. చీపురుపల్లి నుండి విజయనగరం వెళ్లిన బస్సును అక్కడే పారవేసి, తిరుగు ప్రయాణానికి కొత్త బస్సు కొన్నట్లే ఇది. అమెరికాలో ఫాల్కన్-9 రాకెట్టు మొదటి అంచె 2015 నుండి నిటారుగా నేలకు దిగుచున్నది. రెక్కలతో విమానంవలె దిగే మార్గం వేరు. మన దేశంలో ప్రయోగించి చూచినది ఆ రెండవ మార్గమే.

2016 మే 23వ తేదీ ఉదయం 7 గంటలకు శ్రీహరికోట నుండి భారత అంతరిక్ష పరిశోధన సంస్థ 6.5 మీటర్ల పొడవు, 1.75 టన్నుల బరువు గల రెక్కల వాహనాన్ని పంపినది. అది సుమారు 65 కిలోమీటర్ల ఎత్తుకు చేరి, శబ్దవేగానికి దాదాపు 5 రెట్ల వేగంతో తిరిగి గాలిలో ప్రవేశించి, 450 కిలోమీటర్ల దూరాన బంగాళాఖాతంలో దిగినది. ప్రయాణం మొత్తం 770 సెకండ్లు. ఆ కొద్ది సెకండ్లకై ముందుగా వాయుసొరంగాలలో సుమారు 120 గంటల పరీక్షలు, కంప్యూటర్లపై 5000 గంటల గాలి ప్రవాహ గణన, 1100 పర్యాయములు అంకెలలో ఎగురవేయుట జరిగినవి.

అంకెలలో ఎగురవేయుట అంటే ఏమి? తెరపై కదలే రంగుల బొమ్మ అని కొందరు భావింతురు. బొమ్మ చివర వచ్చేది. అసలు నమూనా అంతా లెక్కలే.

చీపురుపల్లి స్టేషనులో ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్ రైలు ప్లాట్‌ఫారంపై నిలిచినవారిని ఎట్లు విసురునో విద్యార్థులకు తెలియును. వేగం రెండింతలైతే గాలి త్రోపు నాలుగింతలగును. గంటకు 100 కిలోమీటర్ల వేగాన కలిగే త్రోపు, 320 కిలోమీటర్ల వేగాన పదింతలు. ఈ త్రోపు వాహనంపై అన్నిచోట్ల ఒకేతీరుగా ఉండదు. కావున వాహనం చుట్టూ ఉన్న గాలిని చిన్న చిన్న గదులుగా విభజింతురు. భీమిలి జాలరి చిన్న చేపలకు సన్నకన్ను వల వాడినట్లు, ముక్కు వద్ద, రెక్కల అంచుల వద్ద గదులు సన్నగా ఉండవలెను. దూరాన పెద్దవైనా చాలును. ప్రతి గదిలోనికి వచ్చిన ద్రవ్యరాశి, ద్రవ్యవేగం, శక్తి ఎంత, బయటికి పోయినదెంత అని లెక్కింతురు. ఇవి పాఠశాలలో నేర్చుకొను నిత్యత్వ నియమాలే.

పది మీటర్ల ఘనాన్ని 10 సెంటీమీటర్ల గదులుగా కోస్తే 10 లక్షల గదులగును. గది కొలతను సగం చేస్తే 80 లక్షలు. గది చిన్నదైనకొలది కాలపు అడుగు కూడ తగ్గించవలసి వచ్చును కనుక శ్రమ మొత్తం 16 రెట్లు పెరుగును.

కాలపు అడుగు సంగతి నోటుపుస్తకంలోనే చూడవచ్చును. మేడపై నుండి రాయి విడిచినామనుకొందాము. ప్రతి సెకండు ఆరంభంలోని వేగమే ఆ సెకండంతా ఉన్నదని తలచి కూడితే, 3 సెకండ్లలో 0, 9.8, 19.6 కలిసి 29.4 మీటర్లు వచ్చును. అర సెకండు అడుగులతో చేస్తే 36.75 మీటర్లు. సూత్రం ప్రకారం నిజమైన జవాబు 44.1. అడుగు చిన్నదైనకొలది నమూనా నిజానికి దగ్గరగును. తరగతిలో చేయించదగిన లెక్క ఇది.

గాలి తరువాత వేడి. కక్ష్య నుండి సెకండుకు 7.8 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనంలో ఒక్కొక్క కిలోగ్రాము 3 కోట్ల జౌళ్ల గతిశక్తి మోసుకొని వచ్చును. అది సుమారు 12 కిలోల నీటిని ఆవిరి చేయగలదు. ఇందులో అధికభాగం గాలిలోనికే పోవును, కాని మిగిలిన కొద్దిభాగమే వాహనాన్ని కరిగించుటకు చాలును. అందుకే 2016 వాహనపు అడుగున వేడిని ఆపే సిలికా పలకలు, ముక్కుకు కార్బన్ తొడుగు అమర్చిరి.

ఇక నమూనాను ఎంతవరకు నమ్మవచ్చును? 2003 జనవరి 16న కొలంబియా నౌక బయలుదేరిన 82 సెకండ్లకు ఇంధన తొట్టెపై ఉన్న నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలినది. దాని బరువు ముప్పాతిక కిలో మాత్రమే. పలకల దెబ్బను అంచనా వేయుటకు ఇంజనీర్లు 'క్రేటర్' అను గణన నమూనాను వాడిరి. దానిని సరిచూచినది చాలా చిన్న తునకలతో. ఈ ముక్క పరిమాణం వాటికి కొన్ని వందల రెట్లు. దెబ్బ పలక మందాన్ని మించవచ్చునని లెక్క చెప్పినను, ఆ నమూనా ఎప్పుడూ ఎక్కువ చేసి చెప్పునను నమ్మకంతో దానిని ప్రక్కకు పెట్టిరి. పైగా నిజంగా పగిలినది పలక కాదు, రెక్క ముందంచున గల కార్బన్ ఫలకం. ఫిబ్రవరి 1న ఆ రంధ్రం గుండా మండే గాలి లోనికి పోయి, కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించిరి. అదే సంవత్సరం జులై 7న నిజమైన ఫలకంపైకి నురుగు ముక్కను తుపాకీతో కొట్టి చూడగా సుమారు 40 సెంటీమీటర్ల రంధ్రం పడినది. ఈ పరీక్ష ముందే జరిగి ఉండవలసినది.

కనుకనే మన వాహనాన్ని అంకెలతో సరిపెట్టక, కర్ణాటకలోని చిత్రదుర్గం వద్ద హెలికాప్టరు నుండి విడిచి 2023 ఏప్రిల్ 2న, 2024 మార్చి 22న, జూన్ 23న దించిరి. చివరి పరీక్షలో రన్‌వేకు 4.5 కిలోమీటర్ల దూరాన, అంతే ఎత్తున, 500 మీటర్లు ప్రక్కకు విడిచినారు. వాహనంలో ఇంజను లేదు. గురి తప్పితే మరల చుట్టి వచ్చుటకు వీలులేదు. అయినను తానే దారి సరిదిద్దుకొని, గంటకు 320 కిలోమీటర్లకు మించిన వేగంతో నేలను తాకి, పారాచ్యూటు సాయంతో వేగం తగ్గించుకొని నిలిచినది. రెండవ పరీక్షలో దిగిన దేహాన్నే మార్పులేకుండా మూడవదానికి వాడుట గమనింపదగినది.

తరువాత కక్ష్య నుండి దిగేందుకు ఆలోచించిన వాహనం దీనికి సుమారు 1.6 రెట్లు పెద్దది. పొడవు 1.6 రెట్లైతే ఉపరితలం 2.56 రెట్లు, ఘనపరిమాణం 4.1 రెట్లు. బరువు ఘనపరిమాణంతోపాటు పెరిగితే, రెక్కల ప్రతి చదరపు మీటరు ఇదివరకటికంటె 1.6 రెట్లు ఎక్కువ మోయవలెను. వేగం కూడ సెకండుకు 7.8 కిలోమీటర్లు. పాత అంకెలను హెచ్చవేసి సరిపెట్టరాదు. వలను మొదటినుండి అల్లవలెను.