పౌరుష గ్రంథి పెరుగుదల: శస్త్రచికిత్సకు తగనివారికి ఇతర చికిత్సలు

పౌరుష గ్రంథి (ప్రోస్టేట్) పురుషులలో మూత్రాశయం క్రింద, మూత్రమార్గం చుట్టూ ఉండే చిన్న గ్రంథి. వయసు పైబడినకొద్దీ ఇది పెరిగి మూత్రమార్గాన్ని నొక్కుతుంది. ఈ పెరుగుదల క్యాన్సరు కాదు. మూత్రధార సన్నబడడం, రాత్రివేళ పలుమార్లు లేవవలసి రావడం దీని ముఖ్య లక్షణాలు. కొందరిలో మూత్రం హఠాత్తుగా ఆగిపోతుంది.

== శస్త్రచికిత్స ఎవరికి కష్టం ==
మొదట టామ్సులోసిన్, ఫినాస్టెరైడ్ వంటి మందులు వాడతారు. అవి చాలనప్పుడు మూత్రమార్గం గుండా పరికరాన్ని పంపి గ్రంథిని లోపలినుండి తొలిచివేస్తారు (టి.యు.ఆర్.పి.). దీనికి సాధారణంగా వెన్నులో గాని, పూర్తిగా గాని మత్తు ఇవ్వాలి. తీవ్రమైన గుండెజబ్బు లేదా ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి, రక్తాన్ని పలుచబరచే మందులు ఆపడానికి వీలులేనివారికి ఇది ప్రమాదకరం కావచ్చును. అట్టివారిలో కొందరు మూత్రపు గొట్టంతోనే (కాథెటర్) కాలం గడుపుతుంటారు. గొట్టం దీర్ఘకాలం ఉంటే ఇన్ఫెక్షన్లు, మూత్రాశయంలో రాళ్ళు ఏర్పడే అవకాశం ఉన్నది.

== చికిత్సా విధానాలు ==
* '''ధమనుల మూసివేత (ఎంబొలైజేషన్)''': గజ్జ లేదా మణికట్టు వద్ద సూదితో రంధ్రం చేసి, గ్రంథికి రక్తమందించే ధమనులను సూక్ష్మమైన పూసలతో మూసివేస్తారు. గ్రంథి క్రమంగా కుంచించుకుపోతుంది. స్థానిక మత్తు చాలును. పెద్ద గ్రంథులకు కూడా పనికివస్తుంది. 2010లో బ్రెజిల్ వైద్యులు ప్రచురించిన తొలి ఫలితాలు, గొట్టంతో ఉన్న ఇద్దరు రోగులవే. ఇద్దరికీ గొట్టం తీసివేయగలిగారు. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి ఇందులో వాడే రంగుమందు హాని చేయవచ్చును.
* '''నీటి ఆవిరి చికిత్స (రెజూమ్)''': వేడి ఆవిరిని గ్రంథిలోకి తొమ్మిదేసి సెకన్లు పంపి కణాలను నశింపజేస్తారు. అమెరికాలో 2015లో అనుమతి లభించింది.
* '''యూరోలిఫ్ట్''': గ్రంథిని కోయకుండా, చిన్న బిళ్ళలతో ప్రక్కలకు లాగి ఉంచుతారు. అమెరికాలో 2013లో అనుమతి పొందింది. మరీ పెద్ద గ్రంథులకు తగదు.
* '''స్టెంటు''': మార్గం తెరచి ఉంచే గొట్టం. ఇది జారిపోవచ్చును, దానిపై పొక్కు కట్టవచ్చును. కనుక చివరి మార్గంగానే వాడతారు.

== పరిమితులు ==
వీటితో మూత్రధార టి.యు.ఆర్.పి. తరువాత వచ్చినంతగా మెరుగుపడదు. మొదటి రెండు విధానాలలో ఉపశమనానికి కొన్ని వారాలు పడుతుంది. మూత్రాశయపు కండరమే బలహీనపడి ఉంటే ఏ పద్ధతీ పూర్తి ఫలితమివ్వదు. కాబట్టి ముందుగా పరీక్షలు అవసరం.

== మిర్యాలగూడ ప్రాంతంలో ==
సమీపంలోని నల్గొండ, సూర్యాపేటలలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. పైన చెప్పిన చికిత్సలకు ప్రత్యేక పరికరాలు, శిక్షణ అవసరం కనుక మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల రోగులు సాధారణంగా హైదరాబాదు వంటి నగరాలకు వెళ్ళవలసి ఉంటుంది. అయితే మూత్రం పూర్తిగా ఆగిపోయినప్పుడు దూరప్రయాణం చేయరాదు. ముందు దగ్గరలోని ఆసుపత్రిలో గొట్టం వేయించుకొని, ఆ తరువాత చికిత్సను నిర్ణయించుకోవాలి. జలుబు మాత్రలలో కొన్ని మూత్రాన్ని బిగబట్టవచ్చును. రక్తాన్ని పలుచబరచే మందులను వైద్యుని సలహా లేకుండా మానరాదు.