బిస్కెట్ల మీద రంగులు



డిసెంబరు నెల దగ్గరపడుతోందంటే మా సింగరాయకొండ బజారులో మైదా, పంచదార, డాల్డా గబగబా అమ్ముడుపోతాయి. ఒంగోలు చుట్టుపక్కల ఊళ్ళు ఎప్పటినుంచో మిషనులున్న ఊళ్ళు. అందుకని మాకు క్రిస్మస్ ఒక ఇంటి పండుగగా ఉండదు. ఆ ఇంటి బిస్కెట్ల పళ్ళెం ఈ ఇంటికీ, ఈ ఇంటి సంక్రాంతి అరిసెలు ఆ ఇంటికీ నడుస్తూనే ఉంటాయి. నా చిన్నతనంలో మా వీధిలో ఎవరికీ ఓవెన్ లేదు. కలిపిన పిండి గిన్నెలో పెట్టుకుని బేకరీకి వెళితే, రొట్టెలు దించాక మిగిలిన వేడిలో మన బిస్కెట్లు కాల్చి ఇచ్చేవారు. కిలోకి ఇంత అని కూలి తీసుకునేవారు. ఇప్పుడు చాలా ఇళ్ళలో చిన్న ఓవెన్లు వచ్చాయి. దానితోపాటు పిల్లల కోరికలూ పెరిగాయి. నక్షత్రం పసుప్పచ్చగా ఉండాలి, చెట్టు ఆకుపచ్చగా ఉండాలి, గులాబీ ఎర్రగా ఉండాలి. అందుచేత ఈ రోజు ఆ రంగుల సంగతి మాట్లాడుకుందాం.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్పేస్తాను. మా అమ్మాయి పుట్టినరోజుకు బిస్కెట్లు చేసి, పైన ఎర్రగులాబీలు వెయ్యాలనుకున్నాను. ఇంట్లో రంగు అయిపోయింది. పక్క ఊరి సంతలో ఒక కొట్టుకి వెళ్ళి "తినే రంగు ఎరుపు ఇవ్వండి" అంటే, కాగితంలో చెంచాడు పొడి పొట్లం కట్టి ఇచ్చాడు. ధర చవక. ఐసింగ్‌లో చిటికెడు వేస్తే మిలమిలలాడే గులాబీ రంగు వచ్చింది. ఇంతకాలం ఈ రంగు నాకెందుకు దొరకలేదా అని సంబరపడ్డాను కూడా. తీరా చూస్తే గిన్నె తోమినా మరక పోలేదు. నా వేళ్ళు మూడు రోజులు గులాబీగానే ఉన్నాయి. సాయంత్రం పక్కింటి పిల్లవాడు రెండు బిస్కెట్లు తిని వెళ్ళాడు. కాసేపటికి వాళ్ళమ్మ వాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, "వదినా, వీడి నాలుక చూడండి. ఇదేం రంగు వేశారు?" అని అడిగింది.

నా దగ్గర సమాధానం లేదు. పొట్లం మీద పేరు లేదు, కంపెనీ లేదు, ఏమీ లేదు. మర్నాడు కొట్టుకి వెళ్ళి అడిగితే ఆయన తాపీగా, "అదేనమ్మా, లడ్డూలోకీ అదే, నూలు అద్దకానికీ అదే" అన్నాడు. ఇంటికొచ్చి మిగిలిన బిస్కెట్లన్నీ గొయ్యి తీసి పూడ్చిపెట్టాను. పిల్లవాడికి ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తరవాతే ఈ రంగుల గురించి వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, దొరికినవి చదివి తెలుసుకున్నాను. నేను పదో తరగతితో చదువు ఆపినదాన్ని. నాకు అర్థమైన మాటల్లోనే మీకూ చెప్తాను.

మన దేశంలో తిండిలో వాడటానికి చట్టం ఒప్పుకున్న కృత్రిమ రంగులు ఎనిమిదే. ఎరుపులు మూడు: పోంసో 4ఆర్, కార్మోయిసిన్, ఎరిత్రోసిన్. పసుపులు రెండు: టార్ట్రజిన్, సన్‌సెట్ యెల్లో. నీలాలు రెండు: ఇండిగో కార్మైన్, బ్రిలియంట్ బ్లూ. ఆకుపచ్చ ఒకటి: ఫాస్ట్ గ్రీన్. ఈ పేర్లు బట్టీ పట్టనక్కర్లేదు. సీసా మీదగానీ డబ్బా మీదగానీ వీటిలో ఏదో ఒక పేరూ, ఆహార భద్రతా సంస్థవారి 14 అంకెల లైసెన్సు నంబరూ ఉన్నాయా లేవా అని చూస్తే చాలు. పొట్లం కట్టి ఇచ్చే రంగు మాత్రం ఎంత పరిచయమున్న కొట్టైనా సరే, వద్దు.

పొట్లాల్లో వచ్చే ప్రమాదం ఎక్కువగా రెండు రకాలు. పసుపు రంగైతే మెటానిల్ యెల్లో, మెరిసే గులాబీ రంగైతే రోడమిన్ బి. రెండూ అద్దకానికి పనికొచ్చేవి, రెంటినీ తిండిలో నిషేధించారు. ఈ రోడమిన్ పీచుమిఠాయిలో బయటపడ్డందుకే 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరిలోనూ, తమిళనాడులోనూ ఆ మిఠాయి అమ్మకాన్ని ఆపించారు. నా పొట్లంలో ఉన్నది అదేనో మరొకటో నేను పరీక్ష చేయించలేదు. అద్దకం రంగని అమ్మినాయనే చెప్పాక ఇంక పరీక్ష దేనికి?

చట్టం ఒప్పుకున్న రంగైనా చేతికొచ్చినంత వెయ్యకూడదు. తయారైన తినుబండారం కిలోకు 100 మిల్లీగ్రాములకు మించకూడదని లెక్క. అంటే గ్రాములో పదోవంతు. ఒక్క గ్రాము అచ్చమైన రంగు పది కిలోల బిస్కెట్లకు వస్తుందన్నమాట. మనం కొనే సీసాల్లోనూ పొడుల్లోనూ అచ్చమైన రంగు కొద్దిగానే ఉంటుంది, మిగతాది నీళ్ళో ఉప్పో మరొకటో. ఎంత శాతముందో డబ్బా మీద రాసి ఉంటుంది, చూసుకోండి. 2007లో ఇంగ్లండులో పిల్లల మీద చేసిన ఒక పరిశోధనలో కొన్ని రంగుల మిశ్రమం తాగిన పిల్లలు కొందరిలో దుడుకుతనం పెరిగినట్టు కనిపించింది. దాంతో 2010 నుంచి యూరప్ దేశాల్లో ఆరు రంగులకు హెచ్చరిక ముద్రించాలని నిబంధన పెట్టారు. ఆ ఆరింటిలో నాలుగు మన ఎనిమిదింటిలో ఉన్నాయి. పండక్కి రెండు బిస్కెట్లు తింటే కొంప మునుగుతుందని నేను అనను. కానీ ఆయాసం, దద్దుర్లు ఉండే పిల్లలున్న ఇంట్లో టార్ట్రజిన్ పసుపు మానేస్తేనే మంచిది.

ఇక పనిలోకి వద్దాం. తక్కువ రంగుతో ఎక్కువ అందం రావడానికి మొదటి కిటుకు, రంగు పిండిలో కలపకపోవడం. పిండిలో వేసిన రంగు ఓవెన్ వేడికి సగం గోధుమరంగులో కలిసిపోతుంది, అది చాలక మనం ఇంకాస్త వేస్తాం. బిస్కెట్టు మామూలుగా కాల్చి, పూర్తిగా చల్లారనిచ్చి, పైన ఐసింగ్‌లో రంగు పెట్టండి. ఐసింగ్‌కి ఒక కప్పు పంచదార పొడి పల్చటి బట్టలో జల్లించి, ఒక చెంచా మొక్కజొన్న పిండి కలిపి, కాచి చల్లార్చిన పాలు ఒక్కొక్క చెంచా చొప్పున పోస్తూ దోసెపిండి కంటె కాస్త గట్టిగా కలపండి. పుస్తకాల్లో పచ్చి గుడ్డుసొన చెప్తారు, గట్టిగా ఆరుతుంది నిజమే. పచ్చిగుడ్డు పిల్లల కడుపుకి మంచిది కాదని నేను మానేశాను.

వెన్నతో చేసిన ఐసింగ్‌కి ఒక చిక్కుంది. వెన్న సహజంగా పచ్చగా ఉంటుంది. దానిలో నీలం వేస్తే ఆకుపచ్చ అవుతుంది, గులాబీ వేస్తే కాస్త నారింజకు తిరుగుతుంది. ఆకాశం రంగు కావాలంటే పాల ఐసింగే నయం.

రంగు సీసా వంచి పొయ్యకండి. అగ్గిపుల్ల మొనతో ముంచి ఐసింగ్‌లో తిప్పండి. పొడి అయితే నాలుగు చుక్కల వేన్నీళ్ళలో కరిగించి వడకట్టండి, లేకపోతే చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. కలిపాక మీరు కోరుకున్నదానికంటె ఒక మెట్టు లేతగా ఉన్నప్పుడే ఆపెయ్యండి. మూత పెట్టి రెండు మూడు గంటలు ఉంచితే రంగు తనంతట తనే చిక్కబడుతుంది. ఈ సంగతి నాకు చెప్పింది మా బేకరీ భాయి. "తొందరపడితే రంగు ఎక్కువేస్తారమ్మా, చేదెక్కుద్ది" అన్నాడు. ముఖ్యంగా చిక్కటి ఎరుపు, నలుపు చాలా రంగును తింటాయి. నలుపు కావాలంటే ముందు కోకో పొడితో గోధుమరంగు తెచ్చుకుని ఆపైన కొంచెం నీలం తగిలించండి. ఎరుపు బిస్కెట్టంతా పూయకండి. తెల్లటి ఐసింగ్ మీద ఒక్క ఎర్ర చుక్క పెడితే దూరం నుంచే కనిపిస్తుంది.

మూడు సీసాలుంటే చాలు, అన్ని రంగులూ వస్తాయి. పసుపులో నీలం ఆకుపచ్చ, పసుపులో ఎరుపు నారింజ, ఎరుపులో నీలం ఊదా. లేత రంగులో ముదురు రంగు కొద్దికొద్దిగా కలపాలిగాని, ముదురులో లేతది కలిపితే గిన్నెడు ఐసింగ్ అయినా రంగు తిరగదు. మూడూ ఒకే గిన్నెలో పడితే బురద రంగే.

గొట్టానికి డబ్బు పెట్టనక్కర్లేదు. మందపాటి కాగితాన్ని గోరింటాకు కోను మాదిరి చుట్టి మొన కత్తిరిస్తే సరి. ఒక రంగు ఆరాకే దాని పక్కన రెండోది పెట్టండి, లేకపోతే ఒకదానిలోకి ఒకటి పాకుతుంది. సముద్రం మాకు దగ్గర, పాకల నుంచి వచ్చే గాలిలో తేమ ఎక్కువ. వాయుగుండం పట్టిన రోజున ఐసింగ్ ఎంతకీ ఆరదు. అలాంటప్పుడు ఫ్యాను కింద రాత్రంతా వదిలెయ్యడమే.

ఇంట్లో రంగులూ ఉన్నాయి, కానీ ఒక్కొక్క దానికి ఒక్కొక్క మొండితనం. పసుపు మనకు దుగ్గిరాల నుంచి వచ్చే బంగారం. ఐసింగ్‌లో చిటికెలో పావు వేస్తే నిమ్మపండు రంగు. అదే పసుపు వంటసోడా వేసిన పిండిలో వేశారా, ఇటుక రంగుకి తిరుగుతుంది. బీట్‌రూట్ వేడికి ఓర్చుకోదు, ఓవెన్లో వాడిపోతుంది. తురిమి నీడన ఆరబెట్టి పొడి కొట్టుకుంటే, ఐసింగ్ పల్చబడకుండా చక్కటి గులాబీ వస్తుంది. రెండు చుక్కల నిమ్మరసం దానికి బలం. శంఖుపుష్పాలు ఎండబెట్టినవి ఒక పది, రెండు చెంచాల వేన్నీళ్ళలో వేస్తే నీలం. దానికి మాత్రం నిమ్మరసం తగిలితే ఊదా అయిపోతుంది. పాలకూర ఆకుపచ్చ పులుపు తగిలితే నలుగుతుంది.

మన గుంటూరు మిరపకాయ రంగు నీళ్ళలో కరగదు, నూనెలోనే దిగుతుంది. గోరువెచ్చటి నూనెలో చెంచాడు కారం వేసి వడకట్టి, ఆ నూనె ఉప్పు బిస్కెట్ల పిండిలో కలపండి. రంగుకి రంగు, ఘాటుకి ఘాటు. తీపి బిస్కెట్లలో వేసేరు సుమా, పిల్లలు ఏడుస్తారు.

సీసా రంగుల్లోనూ ఇలాంటి పేచీలు లేకపోలేదు. ఎరిత్రోసిన్ గులాబీ పులుపులో విరిగి అడుగుకు దిగుతుంది, కాబట్టి నిమ్మరసం ఐసింగ్‌లో వద్దు. మగ ఎలుకల్లో కాన్సరు కనిపించిందన్న కారణంగా 2025 జనవరిలో అమెరికాలో దాన్ని తిండి రంగుల్లోంచి తీసెయ్యాలని నిర్ణయించారు కూడా. నేనైతే ఆ పేరున్న సీసా కొనడం మానేశాను. ఇండిగో కార్మైన్ నీలం వెలుతురుకి వెలిసిపోతుంది. అందుకని రంగు వేసిన బిస్కెట్లు చూపుకి బావుంటాయని గాజు సీసాలో కిటికీ దగ్గర పెట్టకండి. రేకు డబ్బాలో వరస వరసకీ మధ్య కాగితం పరిచి, మూత బిగించండి.

ఈ మధ్య మళ్ళీ గులాబీలు వేశాను, బీట్‌రూట్ పొడితో. కాస్త వెలిసినట్టే ఉన్నాయి. పక్కింటికి పళ్ళెం పంపుతూ, ఏ రంగులో ఏం వేశానో చీటీ రాసి అంచున పెట్టాను.